నేను పూడ్చిన గుంట

కువైట్ జట్టు ప్రపంచ కప్పు ఆడివచ్చిన తరువాతి చలికాలం అది. అక్కడ మేముండే బ్నీద్ అల్ గార్‌లో కాస్త ఖాళీ జాగా కనబడితే చాలు, ఎవరో ఒకరు బంతి తన్నుతుండేవారు. మా కోనసీమవాళ్ళకు తెలిసిన ఆటలు కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ అక్కడికి వెళ్ళాక గోవావాళ్ళనూ మలయాళీలనూ చూసి నేర్చుకున్నదే. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నే మా గదుల వెనుక పార్కులో ఆడేవాళ్ళం.

పార్కుకు ముందువైపు పచ్చిక, పూలమొక్కలు, బెంచీలు. వెనక్కి వెళితే గ్రౌండు. అక్కడ గడ్డిపరక ఉండేది కాదు. ఎండకు బిగుసుకుపోయిన నేల, దానిమీద గాలి తెచ్చిపోసిన ఇసుక, గులకరాళ్ళు, తుప్పుపట్టిన గోల్ పోస్టులు. పడితే మోకాలి చర్మం లేచిపోయేది. ఆ పార్కు పనులు కాంట్రాక్టుకు తీసుకున్న చిన్న కంపెనీలో నేను ఫోర్‌మాన్‌ను. నా కింద ఆరుగురు పనివాళ్ళు. అందుకే ఆ గ్రౌండును ఎవరూ పట్టించుకోలేదని రాసే హక్కు నాకు లేదు. పట్టించుకోవలసినవాణ్ణి నేనే.

తనిఖీకి వచ్చే పెద్దసారు కారు పార్కు ముందే ఆగేది. ఆయన దిగి, పూలు చూసి వెళ్ళిపోయేవాడు. నేనూ నీళ్ళనీ మనుషులనీ ముందువైపుకే పెట్టేవాణ్ణి. వెనుక గ్రౌండు చదును చేయించినట్టు మాత్రం ప్రతినెలా కాగితం మీద సంతకం చేసేవాణ్ణి.

గ్రౌండులో కుడిచేతి మూల ఒక గుంట ఉండేది. గోడవార చెట్లకు పోయే నీళ్ళ పైపుకు ఎప్పుడో అక్కడ వాల్వు పెట్టి, తరువాత తీసేశారు. మూత ఎవరో పట్టుకుపోయారు. మోకాలి లోతు ఉంటుంది. గాలికి ఇసుక వచ్చి నిండి, పైకి చదునుగా కనబడేది. కాలు వేస్తే దిగబడేది. రెండు తోపుడుబళ్ళ కంకర పోసి దిమ్మిస కొడితే అరగంట పని. మొదట్లో బద్ధకం వల్ల పూడ్చలేదు. తరువాత, అది ఉంటే మాకే లాభమని తెలిసి పూడ్చలేదు.

బయటి జట్లకు ఆ గుంట సంగతి తెలియదు. టాస్ గెలిస్తే మేము ఆ వైపే కోరుకునేవాళ్ళం. నేను కుడివైపు బ్యాక్. ఎదుటివాడు బంతితో వస్తుంటే లోపలికి జరిగి, అంచు వెంబడి దారి వదిలేవాణ్ణి. అతను సంబరంగా అటు పరిగెత్తి, కాలు దిగబడి బోర్లాపడేవాడు. బంతి మాది. అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే మెకానిక్ ఒకడు మా జట్టులో ఉండేవాడు. నన్ను బావా అనేవాడు. ఆ గుంటకు పేరు పెట్టింది వాడే.

"ఒరే, మన పన్నెండోవోడిక్కూడా ఓ టీ పోయండ్రా. పొద్దుట్నించీ ఒంటికాలి మీద డ్యూటీ చేత్తన్నాడు పాపం!"

అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఒకసారి మాత్రం వాడే అడిగాడు. "బావా, ఎవడికన్నా కాలిరిగితేనో?"

"ఇసకలో పడ్డోడికి కాలెందుకు ఇరుగుద్దిరా?" అన్నాను.

ఒక శుక్రవారం అబూ హలీఫా నుంచి ఒక జట్టు వచ్చింది. అందులో ఒకతను మా గోదావరి వైపువాడు. అబూ హలీఫాలోనే ఒక బేకరీలో వ్యాను నడిపేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఆట మొదలయ్యేముందు నా దగ్గరికి వచ్చాడు.

"మీరేనంట కదండీ ఈ పార్కు చూసేది? ముందేపు పూలు భలే పెంచారండీ. ఇటేపు కూడా కాసిని నీళ్ళు చల్లించండీ బాబూ, దుమ్ముతో చచ్చిపోతన్నాం."

"నీళ్ళు చల్లితే జారిపడతావు తమ్ముడూ."

"ఆయ్, పడితే మీరు పట్టుకోరేంటండీ!" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

అతను మంచి ఆటగాడు. అరగంటలో రెండు గోల్స్ కొట్టాడు. మూడోసారి బంతితో నా మీదికే వచ్చాడు. నేను లోపలికి జరిగాను. ఎందుకు జరుగుతున్నానో తెలిసే జరిగాను. అతని ఎడమ కాలు దిగబడింది. ఒళ్ళు ముందుకు వెళ్ళిపోయింది. ఎండు పుల్ల విరిచినట్టు చిన్న చప్పుడు. దూరంగా ఉన్న అతని జట్టువాళ్ళకు అతను పడటం మాత్రమే కనబడింది. మావాళ్ళిద్దరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు.

అతను అరవలేదు. కాలిని రెండు చేతులతో పట్టుకుని, "ఎడం కాలండీ... క్లచ్ కాలండీ ఇది," అన్నాడు.

మెకానిక్ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అతని కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేనే. దారి పొడుగునా అతనికి నొప్పి కన్నా బేకరీ యజమాని, అంటే అతని కఫీల్, ఏమంటాడోనన్న బెంగే ఎక్కువగా ఉంది.

"మనిషి మంచోడేనండీ. కానీ ఆటల్లో పడి ఒళ్ళు మరిచిపోయాడనుకుంటే పంపించేత్తాడండీ. అబద్ధమాడాడనుకుంటే అసలే ఉంచడు. గుంట ఉందని చెప్తాను. మీరు కూడా ఓ మాట చెప్తే నమ్ముతాడండీ."

"చెప్తాలే," అన్నాను.

చీలమండ పైన ఎముక విరిగిందన్నారు. పిండికట్టు వేశారు.

శనివారం, పనివాళ్ళు రాకముందే పార తీసుకుని గ్రౌండుకు వెళ్ళాను. గుంట సంగతి కంపెనీ దాకా పోతే, నెలనెలా సంతకం చేసినవాడెవడని అడుగుతారు. ఉద్యోగం పోతుంది, దాంతో ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది. కంకర పోశాను. మట్టి కప్పి, తడిపి, దిమ్మిస కొట్టాను. చుట్టుపక్కల నేలలో కలిసిపోయేలా పైన పొడి ఇసుక చల్లాను. మూడేళ్ళలో ఆ గ్రౌండుకు నేను చేసిన ఒకే ఒక్క మరమ్మతు అది. చాలా శ్రద్ధగా చేశాను.

రెండు రోజుల తరువాత, సాయంత్రం, బేకరీ యజమాని అతన్ని కారులో వెంటబెట్టుకుని వచ్చాడు. అతను చంకకర్రలతో మూలదాకా నడిచి ఆగాడు. కర్రతో నేలను పొడిచాడు. కొంచెం జరిగి ఇంకోచోట పొడిచాడు. నావైపు చూశాడు.

"ఇక్కడే కదండీ?"

ఇక్కడ గుంట ఉండేదా అని యజమాని నన్ను అరబ్బీలో అడిగాడు. గొంతులో కోపం లేదు. ఉందంటే నమ్మి వెళ్ళిపోదామనే వచ్చిన మనిషిలా ఉన్నాడు.

"మాఫీ," అన్నాను. లేదు అని.

యజమాని కాసేపు నేలను చూసి, అతనివైపు తిరిగి, "ఖలాస్," అన్నాడు.

మరుసటి శుక్రవారం మావాళ్ళు గ్రౌండు బాగుపడిందని సంతోషించారు. మెకానిక్ ఒక్కడే ఆ మూలకు వెళ్ళి కాలితో తట్టి చూశాడు.

"గట్టిగానే కొట్టావు బావా. ఈ చేత్తోనే ముందు కొడితే నీ సొమ్మేం పోయింది? ఆ కఫీలుకి నేను చెప్పనా?"

"చెప్తే నా ఇఖామా పోద్దిరా," అన్నాను.

వాడు చెప్పలేదు. ఆటకు రావడం మానేశాడు. దారిలో ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు.

డ్రైవరు వెళ్ళిపోయే రోజు నేను అబూ హలీఫాకు వెళ్ళాను. నిజం చెప్పేద్దామనే బస్సెక్కాను. అతను మంచం మీద కూర్చుని పెట్టెకు తాడు కడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని నేనే తాడు ముడి వేశాను.

"ఒకటడుగుతానండీ," అన్నాడు. "అక్కడ నిజంగా గుంట లేదాండీ? నాకైతే కాలు దిగబడినట్టే ఉంది. వీడే తూలిపడి అబద్ధమాడాడని మావోళ్ళు కూడా అంటన్నారండీ. ఇంటికెళ్తే మా ఆవిడ అడుగుద్ది. ఏం చెప్పను?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం. కంపెనీ లేదు, కఫీల్ లేడు. అతను మళ్ళీ ఆ దేశం రాడు. నిజం చెబితే నాకు పోయేది ఏమీ లేదు.

"నేను సరిగా చూళ్ళేదు తమ్ముడూ," అన్నాను.

అతను పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. "ఆయ్. పోన్లెండి. నేనే తూలుంటాను," అన్నాడు.

అతని ఊరు మా ఊరికి రెండు రేవుల అవతలే. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆ దారి తప్పించుకుని తిరిగాను. అతని కాలు కుదురుకుందో లేదో, మళ్ళీ బండి తోలాడో లేదో ఈనాటికీ తెలియదు.

ఆ రోజు కర్రలతో మెట్లు దిగలేకపోతుంటే ఒక చేత్తో పెట్టెనూ ఇంకో చేత్తో అతన్నీ పట్టుకుని కిందికి దించాను. టాక్సీలో కూర్చున్నాక అతను అద్దం దించాడు. "ఆయాళ మీరు లేకపోతే ఆసుపత్రికి ఎవరు మోసుకెళ్ళేవారండీ," అని నాకు దండం పెట్టాడు. నేనూ పెట్టాను.