లుమో గొర్రెలకే

గంగాధరం మదనపల్లె–కుప్పం బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా రెండు మాటలతోనే గడిచింది: రైట్, హోల్డాన్. లోకంలో ఇన్ని రకాల కదలికలుంటే రెండు మాటలేమిటని ఆయనకు ఒళ్లుమంట. పుంగనూరు దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బస్సెంత నిదానమంటే, వెనక తలుపులో దిగి, చింతకాయలు రాల్చుకుని, ముందు తలుపులో ఎక్కినవాళ్లున్నారు. దాన్నీ, మార్కెట్టుకు దూసుకుపోయే టమోటా లారీనీ కలిపి 'పోతాంది' అంటే ఎట్లా?

అందుకే సొంతంగా ఒక భాష కట్టాడు. అందులో ఉత్త పోవడం, ఉత్త రావడం లేవు. ఎట్లా కదిలిందో చెప్పి తీరాలి. కాలినడకకు 'తెపి', చక్రాల మీదయితే 'గిరు', టమోటా దొర్లితే 'బొలొ', పొద్దుగూకేటప్పుడు గొర్రెలు తమంతట తాము దొడ్డికి చేరితే 'లుమో'.

కానీ మాట్లాడేవాళ్లేరి? కుప్పంలో ఇట్లా భాషలు కట్టినవాళ్లంతా కూడుతున్నారు. ఇద్దరు మాట్లాడి చూపితేనే వేదిక ఎక్కనిస్తారట. భార్య శాంతకుమారిని బతిమాలి ఒప్పించి, గడప దాటాక వేరే భాష మాట్లాడకూడదని షరతు పెట్టాడు.

ఆమె గడపలోనే నిలిచిపోయింది. ఎదురింట్లో నాగమ్మ ముగ్గేస్తోంది.

"నాగమ్మకు పోయొస్తానని సెప్పల్ల. నీ బాసలో ఎట్లనాల?"

"బస్సులో పోతాండాం గదా, గిరు అను."

"అది పోయేది. వచ్చేది యాడుండాది?"

"ఎట్లొస్తామో సెప్పల్లంటే ముందు తెలియల్ల గదమే! బస్సులో వస్తామో, అది సెడిపోతే నడిసే వస్తామో!"

"నలుగురు మోసుకొస్తారో! ఉత్త పోతానని సెప్పి గడప దాటేదాన్ని కాదు. నువ్వే పో అయ్యా."

గంగాధరం జుట్టు పీక్కున్నాడు. అవతల బస్సు వేళయిపోతోంది. ఇన్ని మాటలు పుట్టించినవాడికి ఆ ఒక్కటీ తట్టలేదు.

"గొర్రెలకేదో పెట్టుండావే, లుమో. అదే అంటా," అందామె.

"అది గొర్రెలకేనే!"

"గొర్రె పొద్దున పోయి మాపుటికి ఇల్లు సేరదా? దానికన్నా గొప్పోళ్లమా మనం?" అని గడప దాటి, "లుమో, నాగమ్మా!" అని కేకేసింది.

"ఏమి పూనిందమ్మా నీకు!" అంది నాగమ్మ, ముగ్గుపిండి కిందపడేసి.

కుప్పంలో వేదికెక్కాక, ఎట్లా వచ్చావని గంగాధరం తన భాషలో అడిగాడు. ఆమె లుమో అంది. తిరిగి ఎట్లా పోతావన్నా లుమోనే. బొలొ అనమని కళ్లతో సైగ చేసి, సంచిలోంచి టమోటా తీసి బల్ల మీద దొర్లించి చూపించాడు. అది బల్ల కింద చేరితే, ఆమె వంగి తీసి, లుమో అంది. సభంతా చప్పట్లు. మిగతా మాటల గురించి అడిగిన పాపాన పోయినవాడు లేడు.

సాయంత్రం బస్టాండులో సభవాళ్లందరూ చేతులూపుతూ "లుమో! లుమో!" అని సాగనంపారు. తను కట్టిన భాషను మొదటిసారి పరాయి నోళ్లలో విన్నాడు గంగాధరం. అదీ తప్పుగా.

"పలకవేమయ్యా, అంతమంది సెప్తాండారే?" అని మోచేత్తో పొడిచింది శాంతకుమారి.

పళ్లు కొరుక్కుంటూ, ఫుట్‌బోర్డు మీద నిలబడి, "లుమో" అన్నాడు గంగాధరం.