వంతెన ఇవతల తెరిచిన కొళాయి

మా అన్న బోరు బండి మీద పని చేస్తాడు. మా యాడికి ఊరి చుట్టుపక్కల ఎంత లోతుకు వేసినా దుమ్ము తప్ప రాకపోవడంతో ఆ బండ్లు ఇప్పుడు దేశమంతా తిరుగుతున్నాయి. ఆ ఏడాది వాళ్ల బండి ఉత్తరాదిన కొండల్లోకి పోయింది. అక్కడి నుంచి అన్న వదినకు ఫొటోలు పంపేవాడు. మంచు కప్పిన కొండ, గోనెపట్టా కప్పుకున్న మేక, లోయ అడుగున తెల్లగా నురగలు కక్కుతూ పోతున్న నది. ఆ నది ఫొటోను వదిన వీధి వీధంతా చూపించింది. ఎదురింటి అవ్వ ఫోన్‌ను కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకోని వాళ్లకి బోరెందుకంట? కొవ్వు కాకపోతే!"

అందరం నవ్వాం. ఆ ప్రశ్నకు జవాబుందని మాకెవరికీ తోచలేదు.

ఆ కొండల్లో భూకంపం వచ్చిన సంగతి మొదట టీకొట్టు టీవీలో చూసి నాయన ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ పోయాక ఇంట్లో మేం నలుగురమే. నాయన, అన్న, వదిన, నేను. ముగ్గురం ఆ రోజంతా మిద్దె మీద ఒక్క ఫోన్ చుట్టూ కూర్చున్నాం. సాయంత్రానికి అన్న గొంతు వినిపించింది. బతికే ఉన్నాడు. బండి ఒరిగినప్పుడు ఇనుప రాడ్లు జారి కాలి మీద పడ్డాయట. అంతవరకే చెప్పాడు, లైను తెగిపోయింది.

తర్వాత అతనితో పనిచేసే కుర్రాళ్లు ఒకసారి ఫోన్ చేశారు. కాలు దుంగలా ఉబ్బింది. హెలికాప్టర్ వచ్చింది కానీ ప్రాణం మీదికొచ్చినవాళ్లనే ఎక్కించుకుంటోంది. అక్కడి ఊళ్లో ఉన్న జీపులన్నీ కొండరాళ్ల కింద పోయాయి. కింద పట్నంలో ఆసుపత్రికి త్వరగా చేర్చకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని, అక్కడ సూదులేసే ఆమె చెప్పిందట. బోరు బండి ఓనరు ఇంకో మాట చెప్పాడు. పైకి పోయే దారిలో ఖాళీ బండిని వదలడం లేదు, సాయం తెచ్చే బండినే వదులుతున్నారు.

నాయనకు చిన్న లారీ ఉంది. వెనక రెండు పెద్ద నల్ల ట్యాంకులు బిగించి ఉంటాయి. నీళ్లు రాని వీధులకు నీళ్లు తోలడమే ఆయన పని. కర్నూలు దాటి ఎన్నడూ పోలేదు. "నేను పోతాండా" అన్నాడు. చిన్నాయన కూడా బయలుదేరాడు.

ఏం పంపాలో మా వీధిలో ఎవరూ ఆలోచించలేదు. మా దగ్గర ఒక ఇల్లు కాలిపోయినా, ఒక ఇంట్లో చావు జరిగినా, అన్నం కంటే ముందు ఇంటికో బిందె నీళ్లు పోతాయి. ఏడ్చేవాళ్లు నీళ్లకు పోలేరు కదా. కొళాయి వంతు వారానికోసారి వచ్చినా రాకపోయినా, ఆ బిందె మాత్రం పోవాల్సిందే. అట్లా పెరిగినవాళ్లకు ఆపద అనగానే చేతిలోకి వచ్చేది బిందె. నాయన ట్యాంకులు కడుగుతుంటేనే ఆడవాళ్లు వరుస కట్టారు. లారీ చక్రం మీద కాలు పెట్టి ఎక్కి ఒక్కొక్కరూ బిందె వంచారు. అవ్వ రెండు బిందెలు తెచ్చింది. నేనూ పోశాను. బియ్యం, బొరుగుల మూటలు, దుప్పట్లు, టార్పాలిన్లు ట్యాంకుల సందుల్లో సర్దారు. మూతల మీద తెల్లగుడ్డ బిగించి, నాయన కొళాయిలు రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. ఒక్క చుక్క కారలేదు.

నేను డిగ్రీలో హిందీ చదివాను. హిందీ కథల పుస్తకాలు దొరికితే ఇంట్లో మూలన కూర్చుని చదువుతాను. కానీ ఆ భాషలో ఒక్క మాటైనా పైకి పలికి ఎరగను. తెలుగులో మాత్రం ఎక్కువ మాట్లాడతానా? "ఈ పిల్లకు నోట్లో నాలుకుండాదో లేదో డాక్టరుకు చూపించండప్పా" అని అవ్వ ఎప్పుడూ ఎగతాళి చేసేది. నాయనకు వచ్చిన ఉర్దూ బేరాలకే సరిపోతుంది. "ఎవురన్నా ఆపితే నీకు ఫోను జేస్తా, నువ్వే మాట్లాడల్ల" అని నాతో చెప్పి బండెక్కాడు.

దారిలో రోజూ ఫోన్ చేసేవాడు. ఒక మధ్యాహ్నం పెద్ద నది మీద నుంచి చేశాడు.

"పాపా, నది దాటతాండాను."

"సరే నాయనా."

కాసేపు ఇంజను మోత తప్ప ఏమీ లేదు.

"ఇంగా దాటతానే ఉండా పాపా. అయిపోవడంల్యా!"

చిన్నాయన పక్కన గట్టిగా నవ్వడం వినిపించింది. మళ్లీ మేమెవరమైనా నవ్వడానికి చాలా కాలం పట్టింది.

కొండల మొదట్లో ఉన్న పట్నం చేరాక నాయన గొంతు మారిపోయింది. అన్ని రాష్ట్రాల బండ్లూ అక్కడే నిలిచిపోయి ఉన్నాయట. దింపుకునేవాళ్లు లేక, దింపినదాన్ని పైకి మోసేవాళ్లు లేక, పాత బట్టలు గుట్టలుగా వానలో నానుతున్నాయట. వాటి మీద ఆవులు పడుకుని ఉన్నాయట. బ్రెడ్ల పెట్టెలు బూజు పట్టి వాసన వేస్తున్నాయట. వెనక అంబులెన్సులు మొత్తుకుంటుంటే ముందు బండ్లు పక్కకు జరగడానికి రోడ్డుకు పక్కే లేదట.

"మంచి చేద్దామని వచ్చినోళ్లమే దారికి అడ్డం పడినాం పాపా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

వంతెన దగ్గరి నుంచి ఫోన్ వచ్చిన రోజు మా వీధికి కొళాయి వంతు. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ పట్టుకుని నేను కొళాయి దగ్గరే నిలబడ్డాను. ఆడవాళ్లంతా బిందెలు వరుసలో పెట్టి నీళ్ల కోసం చూస్తున్నారు. వదిన నా పక్కనే ఉంది. అందరికీ వినపడాలని స్పీకర్ పెట్టమంది.

"పాపా, ఈడ వంతెన కాడ ఒక మిలిట్రీ సారు ఆపినాడు. ట్యాంకులు చూపించి ఏమో అరుస్తాండాడు. నాకు తెలీడంల్యా. మాట్లాడు."

ఆ సారు గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. ట్యాంకుల్లో ఏముందని హిందీలో అడిగాడు.

"నీళ్లు" అన్నాను. నా మొదటి హిందీ మాట అది.

తర్వాత, ఎక్కడి నుంచి అని అడిగాడు.

"ఆంధ్రా, అనంతపురం జిల్లా."

"అంత దూరం నుంచి నీళ్లు తెచ్చారా అమ్మా? ఇదిగో, వినండి."

ఫోన్‌ను వంతెన బయటికి చాచినట్టున్నాడు. ఒక్కసారిగా ఆ నది మా వీధిలోకి వచ్చింది. అది నీళ్ల చప్పుడులా లేదు. కొండ గొంతెత్తి అరుస్తున్నట్టుంది. చుట్టూ ఖాళీ బిందెల మధ్య నిలబడి మేమంతా దాన్ని విన్నాం. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మేం పంపింది ఏమిటో, ఎక్కడికి పంపామో ఆ క్షణం వరకు నాకు తట్టలేదు.

ఆయన మళ్లీ మాట్లాడాడు. పాత వంతెన కూలిపోయింది. ఇది ఇనుప పలకలు పరిచిన తాత్కాలిక వంతెన. ఇంత బరువును మోయదు. నీళ్లు పారబోస్తే లారీ దాటొచ్చు, లేకపోతే వెనక్కి తిప్పాలి. వెనక అంబులెన్సు నిలబడి ఉంది, త్వరగా తేల్చండి.

"పైన మా అన్న ఉన్నాడండీ, కాలు..." అన్నాను.

"అందరి అన్నలూ పైనే ఉన్నారమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

నాయన ఫోన్ తీసుకున్నాడు. "ఏమంటాడు పాపా?"

"నీళ్లు పారబోయమంటాండాడు నాయనా. వంతెన ఆగదంట."

"యాడ పొయ్యాలంట?"

"ఆడనే. రోడ్డు మీద."

వానచప్పుడు, హారన్లు. ఎన్నో ఏళ్లుగా నాయన నీళ్లు తోలుతున్నాడు. గొట్టం చివర కారే చుక్కలకు కూడా కింద మగ్గు పెట్టే మనిషి.

"వెనక బండ్లోళ్లకి ఎవురికన్నా పోస్తానని అడుగు."

అడిగాను. ఎవరికీ అక్కర్లేదన్నాడు ఆ సారు.

"అట్లయితే బియ్యం దించేస్తా. దుప్పట్లు దించేస్తా. నీళ్లు మాత్రం..."

"బియ్యం బరువెంతని నాయనా?"

"బిడ్డా, నా చేత్తో ఎట్ల తిప్పేది? ఈ నీళ్లు నాయి కావే."

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏమనగలదు? ఆ ట్యాంకుల్లో వీధంతా ఉంది, వంతెన అవతల ఆమె మొగుడున్నాడు.

అప్పుడు అవ్వ వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. దాన్ని తలకిందులుగా పట్టుకుని అరిచింది.

"రేయ్! యామిరా ఆలోచన జేస్తాండావు? నా రెండు బిందెలు ముందు పొయ్యిరా. నా నీళ్లు, నా ఇష్టం. నేను జెప్తాండా, పొయ్యి!"

"నావీ పొయ్యన్నా" అంది వెనక నుంచి ఒకామె. "మావీ పొయ్యి" అంది ఇంకొకామె. అందరూ అన్నారు. ఎవరి బిందె నీళ్లు ఏవో ట్యాంకులో తేలుతూ కనపడుతున్నట్టే అన్నారు.

కొళాయి తిప్పిన కీచు ముందు వినిపించింది, తర్వాత ధార. ఫోన్‌లో ఒక చప్పుడు కింద ఇంకో చప్పుడు. మా నీళ్లు రోడ్డు మీద పడుతున్న చప్పుడు, దాని కింద నది. అంత పెద్ద మోతలో కూడా మా నీళ్ల చప్పుడు విడిగా తెలిసింది. ఎందుకో అది ఆగుతుందని నేను ఎదురుచూశాను. ఆగలేదు. ట్యాంకుల నిండా నీళ్లు అంతసేపు పోతాయని నాకు అంతవరకు తెలియదు.

అప్పుడే మా వీధి కొళాయికి నీళ్లొచ్చాయి. సన్నగా, బుసబుసమంటూ. ఎవరూ బిందె పెట్టలేదు. నీళ్లు సిమెంటు మీద పడి మా కాళ్ల కిందికి పారుతున్నాయి.

"ఏమే, ఈడా పారబోస్తారా?" అని అవ్వ తన బిందెను ధార కిందికి తోసింది.

లారీ వంతెన దాటిందని చిన్నాయన ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. పొద్దు వాలుతుండగా మళ్లీ ఫోన్ వచ్చింది. మిద్దె మీద నేనూ వదినా మాత్రమే ఉన్నాం. అన్న దగ్గరికి చేరారు. నాయన ఫోన్‌ను అన్న నోటి దగ్గర పెట్టాడనుకుంటాను. కానీ అన్న మాతో మాట్లాడలేదు. ఎండిపోయిన గొంతుతో నాయననే అడిగాడు.

"నీళ్లు తెచ్చినావా నాయనా?"

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు దిగబడ్డాయి.

చిన్నాయన ఫోన్ తీసుకుని కొంచెం దూరం నడిచి మాట్లాడాడు. ఆ ఊరు నదికి ఎంతో ఎత్తున కొండ వాలు మీద ఉంది. ఊరంతటికీ ఉన్నది ఒక్క ఊట. భూమి కదిలినప్పుడు అది పూడిపోయింది. నదికి దిగే కాలిబాట విరిగి లోయలో పడింది. వానకు ప్లాస్టిక్ పట్టాలు పరిచి పట్టుకున్న నీళ్లతోనే అంతా గొంతు తడుపుకుంటున్నారు.

"మలుపు కాడ మన లారీ కనపడగానే పరిగెత్తినారు పాపా. ఆడోళ్లు, పిల్లోళ్లు. నల్ల ట్యాంకులు జూసి పరిగెత్తినారు. చేతిలో ఏముంటే అది పట్టుకోని. మీ నాయన మూత తీసి వాళ్లకి చూపించినాడు."

కొళాయి ఎప్పుడూ ట్యాంకు అడుగుకు కొంచెం పైన ఉంటుంది. దాని మట్టానికి కింద నిలిచిన నీళ్లు ఎంత తిప్పినా రావు. బోరు బండి కుర్రాళ్లు ట్యాంకులను ఒరగబెట్టి పట్టుకుంటే, నాయన లోపలికి వంగి మగ్గుతో ఆ అడుగు నీళ్లు తోడాడట. పిల్లలకు ముందు పోశారు. అన్నకు ఒక గ్లాసు దక్కింది.

బోరు ఎందుకంట అని అవ్వ అడగడం అప్పుడు గుర్తొచ్చింది నాకు. వాళ్లకు బోరెందుకో నది ఫొటోలో కనపడలేదు. వంతెన మీది సారుకూ అక్కడి నుంచి నదే కనపడింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. పైనుంచి గాయాల కబుర్లే దిగాయి తప్ప, ఊట పూడిన కబురు ఆయన దాకా చేరలేదు.

మర్నాడు అన్నను దుప్పట్ల మీద పడుకోబెట్టి, రెండు ఖాళీ ట్యాంకుల మధ్య కదలకుండా ఆనించి కింద ఆసుపత్రికి దింపారు. కాలు నిలిచింది. మడమ తిరగదు, కర్ర కావాలి. అయినా ఆ కాలు ఉంది.

వాళ్లు వచ్చిన రోజు వీధంతా మా వాకిట్లో చేరింది. అన్నను చూసి, కాలు తడిమి, వదినకు ధైర్యం చెప్పి, చివరికి అవ్వ నాయన ముందు చతికిలబడింది. పైన జరిగింది మేం ఎవరికీ చెప్పలేదు. నేను తలుపు చాటున నిలబడి నాయన ముఖమే చూస్తున్నాను.

"ఏమప్పా, అంతా నేల పాలేనా? మన నీళ్లు ఒక్కురన్నా తాగినారా?"

నాయన చేతిలో చెంబు ఉంది. తాగలేదు, దాన్నే చూస్తున్నాడు.

"తాగినారు అవ్వా. పిల్లోళ్లు తాగినారు."

"ఎట్లుండాయన్నారు?"

"ఉప్పగా ఉండాయంట."

"ఉండవా మరి," అని అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఈసారి పోతే చెప్పు, రెండు దినాలు తాగితే అలవాటైపోతాయని."