హవానాకు వెళ్లిన రైస్ కుక్కర్

ఒకప్పుడు క్యూబా దేశమంతటికీ ఒళ్లు రుద్ది స్నానం చేయించినవాణ్ణి నేనే. నమ్మరా? సోవియట్ యూనియన్ కుప్పకూలింది. అమెరికా ఆంక్షలు బిగిశాయి. ఆ దీవిలో తిండికీ సబ్బుకీ కటకటలాడుతుంటే, మన దేశం నుంచి కమ్యూనిస్టులు గోధుమలూ సబ్బులూ పోగుచేసి ఓడకెక్కించి పంపారు. ఆ సబ్బుల వెనకున్నది నేను. బెజవాడ బెజవాడంతా కదిలించాను.

దేశం దాటి వచ్చాక, సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌కు వచ్చిన ప్రతి తెలుగువాడికీ ఈ మాట చెప్పాను. పక్క ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్న క్యూబా ఆవిడకు కూడా చెప్పాను. ఆవిడ ఇక్కడ స్పానిష్ పాఠాలు చెబుతుంది, సాయంత్రాలు డాన్సు నేర్పుతుంది. నా సబ్బుల కథ వింటూ మా ఆవిడ ఇచ్చిన ఫిల్టర్ కాఫీ తాగింది.

"ఇందులో ఏం కలిపారు ఆంటీ?"

చికోరీ అనగానే నవ్వింది. వాళ్ల రేషన్ కాఫీలో వేయించిన బఠాణీలు కలిపి ఇచ్చేవారట. "కల్తీ లేని కాఫీ మొదటిసారి మాడ్రిడ్‌లో తాగాను అంకుల్. నచ్చలేదు. బఠాణీల వాసన లేదుగా!"

అంత సూటిగా మాట్లాడే మనిషి ముందు నా గొప్పలు నిలవలేదు. సబ్బుల సంగతి ఒప్పేసుకున్నాను. బెజవాడంతా కాదు. మాచవరంలో రెండు వీధులు. గుడ్డ సంచీ పట్టుకుని తిరిగాను. అందులోనూ సగం సబ్బులు మా అత్తగారింటివాళ్లే ఇచ్చారు. ఓడ సంగతి పేపర్లో చదివాను. కానీ ఆ రోజుల్లో క్యూబాను ఎవడైనా ఒక్క మాటంటే నా ఇంటిని అన్నట్టే ఉండేది. అక్కడినుంచి జనం పారిపోతున్నారంటే అదంతా అమెరికావాడి కట్టుకథ అనేవాణ్ణి.

ఆ పారిపోయినవాళ్లలో ఆవిడ తండ్రి ఒకడు. లారీ ట్యూబులు కట్టిన తెప్ప మీద ఫ్లోరిడా చేరాడు. మయామీలో హోటల్ గిన్నెలు తోమి తోమి, ఇంగ్లీషు నోటికి రాకముందే పోయాడు. ఇది విన్నప్పుడు, నవ్వుతారేమో, నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది.

"ఆంక్షలు పెట్టిందెవరమ్మా?" అని నిలదీశాను.

"అమెరికా. మరి మా గుమ్మం ముందు నిలబడి మా నాన్నను ద్రోహీ అని అరిచిందెవరు? మా వీధివాళ్లే. మీరు మొదటిదే చెబుతారు అంకుల్. మయామీలో మా చుట్టాలు రెండోదే చెబుతారు. నేను ఆ రెండు మాటలూ వింటూ పెరిగాను."

ఆవిడ తమ్ముడు హవానాలోనే ఉన్నాడు. అతని కూతురికి ఉబ్బసం. పీల్చే మందు అక్కడి షాపుల్లో దొరకడం లేదు. ఎవరైనా వెళ్లేవాళ్లుంటే చేతికిచ్చి పంపాలి. మనకు తెలియని బాధా ఇది? చాంగీ ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కే ప్రతి తెలుగువాడి పెట్టెలోనూ ఇంకొకరి ఆవకాయ ఉంటుంది. "నాకొదిలెయ్యి తల్లీ" అన్నాను.

నాకు తెలిసిన పరిశోధకుడొకడు బిషాన్‌లో ఉంటాడు. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం. సాహిత్య గోష్ఠి పెట్టినప్పుడల్లా క్యూబా విప్లవవీరుడి బొమ్మ ఉన్న అదే టీషర్టు వేస్తాడు: నక్షత్రం టోపీ, గడ్డం, ఎక్కడో చూసే కళ్లు. క్యూబా వైద్యం గురించి టీ చల్లారిపోయేదాకా చెబుతాడు. అతను సదస్సు కోసం హవానాకే వెళుతున్నాడని తెలిసి ఫోన్ చేశాను.

"మీరు అడుగుడేంది అంకుల్! క్యూబా కోసం ఆ మాత్రం చెయ్యనా?"

క్యూబా కోసమట!

ప్రయాణానికి ముందు రోజు నేనూ మా ఆవిడా సంచీ తీసుకుని ట్రైన్‌లో బిషాన్ వెళ్లాం. పీల్చే మందులు, జ్వరం మాత్రలు, పైన నేను పెట్టిన సబ్బులు. అతను ఆ టీషర్టులోనే ఎదురొచ్చాడు. హాల్లో పెట్టె తెరిచి ఉంది. పెట్టె మధ్యలో రైస్ కుక్కర్. కుక్కర్ కడుపులో కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర. చుట్టూ బియ్యం, నూడుల్స్.

"ఏమనుకోకుండ్రి అంకుల్, బరువు ఎక్కువైతుంది. అక్కడ తిండి దొరుకతలేదంట గదా. మందులంటరా, అక్కడ సర్కారే ఫ్రీగ ఇస్తది."

ఒకే ఊపిరిలో అన్నాడు రెండూ! తన కడుపు సంగతి వచ్చేసరికి వార్తలు నమ్మాడు. పరాయి పిల్ల ఊపిరి సంగతి వచ్చేసరికి టీషర్టును నమ్మాడు. సిగ్గులేని మనిషి. గుప్పెడు మందు పట్టని పెట్టెలో గోంగూర పట్టిందా? ఆ దేశం పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడానికి పనికొచ్చింది, ఆ దేశపు పిల్ల ఆయాసపడుతుంటే ఆ దేశం బరువైపోయిందా?

సబ్బుల విషయంలో నిజం ఒప్పుకున్నవాణ్ణి, ఇది కూడా నమ్మండి. కాలర్ పట్టుకున్నాను. మొహం వాచేట్టు చీవాట్లు పెట్టాను. రైస్ కుక్కర్ తీసి సోఫా మీదికి గిరాటేశాను. అతను తలెత్తలేదు.

అయినా సంచీ మాతోనే తిరిగొచ్చింది. ఇప్పుడు మా భోజనాల బల్ల కింద ఉంది. అక్కడ పాప దగ్గరున్న మందు అడుగంటిందట. పక్కింటావిడ వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "ఇంకెవరైనా వెళుతున్నారా అంకుల్?" అని అడుగుతుంది. లేరని చెప్పడానికి నా దగ్గర కొత్త మాటలు మిగల్లేదు.

ఆ మంట చల్లారక ఇదంతా రాశాను. మా ఆవిడకు చదివి వినిపించాను. బెండకాయలు తరుగుతూ చివరిదాకా వింది.

"టీషర్టుకి కాలరెక్కడిదండీ?" అంది. "పట్టుకోనూ లేదు, అరవనూ లేదు. 'పర్లేదు బాబూ, అక్కడ ఒళ్లు జాగ్రత్త' అన్నారు. అతనిచ్చిన టీ తాగారు. పెట్టె మూత పడకపోతే పైన మోచెయ్యి ఆనించి నొక్కింది కూడా మీరే. అక్కడ ఒక్క మాట గట్టిగా అని ఉంటే ఈ పాటికి మందు ఆ పిల్ల చేతిలో ఉండేది. మీ కోపం ట్రైన్ దిగాక వచ్చింది."