మూఢంలో తెరిచిన పచ్చళ్ళ కొట్టు

నాగూర్ బాషా తాతకి ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ ఎనిమిది రకాలుగా రాయడం వచ్చు. చదవడం మాత్రం రాదు. తెనాలిలో ముప్పై ఏళ్ళపాటు బట్టల కొట్లకీ మందుల షాపులకీ బోర్డులు రాశాడు. ఒక్క తప్పు లేదు. అక్షరాలు ఆయనకి బొమ్మలు. బొమ్మని బొమ్మలా దించేవాడు, అంతే.

ఫ్లెక్సులొచ్చాక కుంచెలు ఎండిపోయాయి. మూడు రోజుల పని మూడు గంటల్లో మిషను కక్కేస్తుంటే నిచ్చెన ఎక్కే మనిషి ఎవరికి కావాలి? కొడుకు జానీ కొన్నాళ్ళు చూశాడు. ఒకరోజు అన్నం దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు.

"సంజీవరావు గారి ఫ్లెక్సు షాపులో మాట్లాడానండి నాన్నా. నీడపట్టున కుర్చీలో కూర్చుని ఫ్లెక్సులకి తాళ్ళు కట్టే రింగులు, అదే చెవులు కుట్టించుకుంటే చాలంట."

తన పొట్ట కొట్టిన మిషను పక్కనే కుర్చీ! తాత ముద్ద కిందపెట్టేశాడు. "నాకు పనుందిరా. వెబ్‌సైట్లు చూస్తున్నాను."

తాత భార్య జహీరా నాన్నమ్మ పప్పు గరిటె పట్టుకుని నవ్వింది. "చూడ్డం కూడా పనేనాండీ? మరి నేను పొయ్యి చూస్తన్నాగా, నాకెవరిస్తారు?"

నిజానికి తాత చూస్తున్నాడు. కుంచెలు ఎండినప్పట్నుంచీ ఆయన మకాం గాంధీచౌక్ దగ్గర ఝాన్సీలక్ష్మి ఇంటర్నెట్ సెంటర్లో. ఝాన్సీ కంప్యూటర్ కోర్సు చదివిన మనిషి. ఊళ్ళో కొట్లవాళ్ళు సరదాపడి చేయించుకున్న సైట్లు ఆమె తెరుస్తుంటే, తాత వెనక నుంచుని వెలిసిపోయిన బోర్డుల్ని చూసినట్టు చూసేవాడు. మారిన ఫోను నంబరు మారలేదు. పోయిన పండగ పోలేదు. గడియారాల కొట్టు సైటులో గడియారమే తప్పు. ఏటా బోర్డులకి రంగు అద్దినట్టు వీటికీ ఎవరో ఒకరు అద్దాలి కదా అని ఆయనకి తోచింది. ఝాన్సీ టైపు కొట్టేటట్టు, తాత చెప్పేటట్టు ఒప్పందం.

అందుకే ఆ రోజు అన్నం దగ్గర పంతం పట్టేశాడు. "జూలై ఆఖరుకల్లా రేపల్లె శేషారత్నం గారికి సైటు చూసి ముప్పై మంది ఫోన్ చేస్తారు. ముప్పైకి ఒక్కటి తగ్గినా ఆ కుర్చీలో కూర్చుంటా."

అది 2008 మే నెల మొదటి వారం. శేషారత్నం రేపల్లెలో పచ్చళ్ళ కొట్టు నడిపే ఆమె. నిజాంపట్నం రొయ్యలతో ఆమె పెట్టే పచ్చడికి చుట్టుపక్కల పేరుంది. రెండేళ్ళ కిందట ఎవరో వచ్చి సైటు చేసిపెట్టి వెళ్ళారు, తాత దాన్ని ఝాన్సీ దగ్గరే చూశాడు. ఇంతవరకూ ఒక్క ఫోను రాలేదు. తాత పాసింజరు రైల్లో రేపల్లె వెళ్ళి ఝాన్సీ ఆ సైటుని ప్రింటు తీసిచ్చిన కాగితాలు ఆమె ముందు పరిచాడు.

"చెల్లెమ్మా, ఈ తెల్లావిడెవరు? చేతిలో ఆకులూ అలములూ పట్టుకుని నవ్వుతోంది?"

"ఏమో అన్నయ్యా. వాళ్ళే పెట్టారు. బాగుంది కదాని ఊరుకున్నా."

"బాగుంటే పెళ్ళిచూపులకి పనికొస్తది. పచ్చడికి నీ జాడీ కావాలి, జాడీ పక్కన నీ చెయ్యి కావాలి. నంబరేది? అడుగున చీమంత ఉంది. పైన ఇంతలావున ఉండాలి. ఇంకా రెండేళ్ళ కిందటి వినాయక చవితి శుభాకాంక్షలే ఉన్నాయి. చూసినోడు కొట్టుందో లేదో అనుకోడూ?"

అన్నిటికన్నా ముందు సైటు తాళంచెవి, అంటే పాస్‌వర్డు, ఆమె దగ్గర లేదని తేలింది. "ఇల్లు నీది, తాళం వాళ్ళదీనా?" అని తాత రెండు గుటకల్లో టీ తాగేసి ఫోను పట్టుకున్నాడు. చేసిపెట్టిన వాళ్ళని రోజుకి నాలుగుసార్లు చొప్పున వారం రోజులు పలకరించాడు. ఆయన పలకరింపు భరించలేక ఇచ్చేశారు.

ఆ పైన తాత రేపల్లె బస్టాండులో నిలబడి వచ్చేపోయే వాళ్ళని ఒకటే అడిగాడు. "అమ్మా, రొయ్యల పచ్చడి ఎక్కడైనా దొరుకుద్దా అని నువ్వు అడగాలంటే ఏమని అడుగుతావు?" కొందరు జవాబు చెప్పారు, కొందరు జాలిపడ్డారు, ఒకామె చిరునామా చెప్పి ఆటో ఎక్కించబోయింది. ఆ మాటలన్నీ పుస్తకంలో రాసుకొచ్చి, అవే సైటులో ఉండాలన్నాడు. వెతికేవాడి నోట్లో మాట మన గోడమీద ఉంటేనే వాడు ఆగుతాడట. ఊరందరికీ మెయిళ్ళు పంపుదామా అని ఝాన్సీ అంటే, "పిలవని పెళ్ళికెళ్ళి వడ్డించమన్నట్టుంటది" అని కొట్టిపారేశాడు. కొన్నవాళ్ళని అడిగి, వాళ్ళు సరే అంటేనే పంపమన్నాడు.

అంతా ముస్తాబయ్యాక శేషారత్నం పంచాంగం తీసింది. "మూఢం నడుస్తోంది అన్నయ్యా. కొత్తది ఇప్పుడు తెరవకూడదు. జూలైలో వదులుద్ది."

బోర్డు రాసేవాళ్ళకిది కొత్తేం కాదు. కొత్త బోర్డు రాయగానే దానిమీద కాగితం అతికించి, ముహూర్తం నాడు యజమాని చేత తీయించడం వాళ్ళ మర్యాద. పాతబోర్డు ముందే దించేస్తారు. ముహూర్తాల సంగతి తాతకి పంతుళ్ళకన్నా బాగా తెలుసు. సరేనని, ఝాన్సీ వద్దన్నా వినకుండా పాత సైటు దించేయించాడు. దాని స్థానంలో కాగితంలాంటి పేజీ ఒకటి, మధ్యలో ఒకే ఒక్క మాట, "త్వరలో". మూఢం పోయాక ఇంకా బోలెడు రోజులుంటాయిలే అనుకున్నాడు.

ఏ బోర్డయినా నిచ్చెన దిగి, రోడ్డు దాటి, అవతలి పక్కనుంచి చూస్తేగాని తాతకి నిద్రపట్టదు. "నీ కంప్యూటర్లో బాగుంటే నాకేం లాభం ఝాన్సీ? కొనేవాడి కంప్యూటర్లో బాగుండాలి" అంటాడు. మూడు వారాలు పోయాక, జూన్ మొదట్లో, కాగితం పేజీ ఎలా ఉందో చూడ్డానికి రైలెక్కి బాపట్ల వెళ్ళాడు. అక్కడ ఓ నెట్ సెంటర్లో దూరి, పక్క సీటులో కూర్చున్న అమ్మాయిని తెరిచిపెట్టమన్నాడు. వ్యవసాయ కాలేజీలో పీజీ చదివే అమ్మాయి, పేరు స్నేహ. తాత చూపించిన చీటీలో సైటు పేరు చదవగానే గుర్తుపట్టింది.

"ఆ పచ్చళ్ళ సైటా తాతయ్యా? అది మూతపడిందండి."

"మూతపడ్డమేంటమ్మా! త్వరలో అని ఉంటది చూడు."

"త్వరలో అని వారాల తరబడి ఉంటే ఏమనుకుంటామండి? పూణేలో మా అన్నయ్యకి ఆవకాయ పంపిద్దామని రెండుసార్లు చూశా. ఫోను నంబరు కూడా లేదు. కొట్టు ఎత్తేశారేమోనని వేరేచోట కొనేశాం. మా హాస్టల్లో నలుగురం."

తాత లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. బోర్డు దించితే దాని కింద కొట్టు తెరిచే ఉంటుంది. జాడీలు కనబడతాయి, శేషారత్నం కనబడుతుంది. ఇక్కడ దించడానికి వేరే బోర్డంటూ లేదు, బోర్డే కొట్టు. ఏడాదిలో పచ్చళ్ళు అమ్ముడయ్యే ఒక్క రుతువులో ఆ కొట్టుకి తన చేత్తో తాళం వేశాడు. కాగితం కప్పడంలో తెనాలిలో ఆయన్ని మించినవాడు లేడు మరి.

వచ్చే రైలుకి తెనాలి, అక్కణ్ణుంచి రేపల్లె. శేషారత్నం ఎండలో మామిడికాయ ముక్కలు ఆరబెడుతోంది.

"చెల్లెమ్మా, తప్పు నాది. ఝాన్సీ వద్దనే అంది, నేనే దింపించా. నీ బేరాలు పోయినయ్."

ఆమె సంగతంతా విని పంచాంగం వైపు చూసింది. "మరి మూఢం అన్నయ్యా?"

"మూఢంలో కొట్టు మూశావా?"

"కొట్టెందుకు మూస్తానూ! కొత్తది తెరవకూడదంతే."

"కొత్తది కాదమ్మా ఇది. రెండేళ్ళ కిందట తెరిచావు, ముహూర్తం పెట్టుకునే తెరిచావు. నేను సున్నం వేశాను, అంతే. ఇంటికి సున్నం వేస్తే మళ్ళీ గృహప్రవేశం చేస్తారా?"

శేషారత్నం ముక్క నోట్లో వేసుకుని నమిలింది. పులుపుకో మాటకో ఒక కన్ను మూసింది. "నీ నోట్లో నాలిక పంతులికుంటే ఊరు బాగుపడేది. తెరిపించు."

ఆ సాయంత్రమే తెరిచారు. తాత స్నేహకి కబురు చేయించి, రొయ్యల పచ్చడి చిన్న సీసా ఒకటి హాస్టలుకి పంపించాడు. "పొరపాటు మాది, కొట్టు తెరిచే ఉంది" అని ఝాన్సీ చేత చీటీ రాయించాడు. వారంలో ఆ హాస్టలు నుంచే మూడు ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత చెన్నై, భిలాయి, ఒకసారి మస్కట్. ఎవరు చేసినా "మా సంగతి ఎలా తెలిసిందండి?" అని అడగమని తాత శేషారత్నానికి నేర్పాడు. ఆమె ఆ జవాబులు క్యాలెండరు వెనక రాసుకునేది.

జూలై ఆఖరు రోజు లెక్క చూస్తే ఇరవయ్యారు. శేషారత్నం తేలిగ్గా తీసేసింది. "ముప్పై అని చెప్పు అన్నయ్యా. మీ జానీ వచ్చి నా క్యాలెండరు తిప్పిచూస్తాడా?"

"నేను చెప్పిన నంబరు తప్పయినా పర్లేదుగానీ, తప్పు నంబరు నేను రాయనమ్మా" అన్నాడు తాత. ఆ మూడు వారాలూ పేజీ కప్పకుండా ఉంటే ముప్పై దాటేదని ఆయనకి తెలుసు. కప్పింది తనే గనుక ఓడింది కూడా తనే.

మర్నాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ సంజీవరావు షాపుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మిషను వైపు వీపు పెట్టి ఫ్లెక్సులకి చెవులు కుట్టించాడు. మధ్యాహ్నం ఝాన్సీ షాపుకే ఫోన్ చేసింది. చుండూరు నుంచి రైసుమిల్లాయన వచ్చాడట. పచ్చళ్ళ సైటు చూసుకునే పెద్దాయన కావాలంటున్నాడట.

"ఆరు దాటాక రమ్మను. డ్యూటీలో ఉన్నా" అన్నాడు తాత.

రైసుమిల్లు వెనక జంపని నుంచి నర్సరీ, దాని వెనక బాపట్ల జీడిపప్పు. పగలు ఫ్లెక్సులు, సాయంత్రం సైట్లు. ఇంట్లో ఫోను మోగి మోగి, నాన్నమ్మ నమాజుకి కూర్చోవాలంటే రిసీవరు పక్కన పెట్టాల్సి వచ్చేది. నెల తిరిగేసరికి జానీయే దిగొచ్చాడు.

"ఆ షాపు మానెయ్యండి నాన్నా. మీకోసం వచ్చే ఫోన్లు ఎత్తలేక అమ్మ నన్ను తిడుతోంది."

తాత మీసం తుడుచుకున్నాడు. "మానేస్తాలే. ముందు మీ అమ్మకి చెప్పు, రెండో రింగుకే ఎత్తాలని. మూడో రింగుకి జనం పక్క కొట్టుకి పోతారు."