ఇప్పుడే తాగి వచ్చానండీ

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాడినీ ఏదో ఒక దేశం పిలిచి వీసా ఇచ్చేది. నన్ను మెల్‌బోర్న్ పిలిచింది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడి ఆగిపోతాయని లోకమంతా భయం; వాటిలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడమే నా ఉద్యోగం. కొత్త సంవత్సరం రానే వచ్చింది, ఒక్క కంప్యూటరూ ఆగలేదు, లిఫ్టులు కూడా మామూలుగానే ఎక్కి దిగాయి. మేము గెలిచాం, గెలిచాం కాబట్టి ఇక మాతో పని లేదు. (ఇంత బాగా పనిచేసి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు ఇంకెక్కడా ఉండరు.) క్లయింట్లతో నోరు విప్పి మాట్లాడగలిగే ఒక్కరిని మాత్రం ఉంచుకుంటానన్నాడు మేనేజర్. నా నోరు అప్పటిదాకా అన్నం తినడానికే పనికొచ్చింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఆ పైన తిరుగు విమానమే.

ఆ గెలుపును పండగ చేసుకోవడానికి ఆఫీసు వెనకాల బార్బీ (బొమ్మ కాదు, ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చుకు తినే విందు) పెట్టి, ఒక బ్రిటిష్ హాస్యనటుణ్ణి పిలిచారు. ఆయన లండన్ టీవీ నాటికల్లో పోస్ట్‌మ్యాన్‌గా, వెయిటర్‌గా, ఒకసారి శవంగా (నవ్వాపుకోలేక కదిలిన శవమట) వేసి, తర్వాత తన నాటికలు తనే రాసుకుని, చివరికి కాగితాలన్నీ పక్కన పడేసి అప్పటికప్పుడు కల్పించి ఆడటంలో పేరు తెచ్చుకున్నాడు. మేం ఆయనకి దొరగారని పేరు పెట్టాం. తనతో ఆడటానికి ఒకరు రావాలన్నాడాయన. అందరూ ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటుంటే, మా రూమ్మేట్ హైదరాబాదీ భాయ్ నా వీపు మీద చెయ్యి వేసి, "పో మియా, మేనేజర్ ముందట్నే కూసున్నడు. గిసుంటి చాన్స్ మళ్ల రాదు!" అని ఒక్క తోపు తోశాడు.

దొరగారు నా చెవిలో ఒకటే నియమం చెప్పాడు. "నేనేమిచ్చినా తీసుకో. కాదంటే ఆట ఆగిపోతుంది." తలూపాను. ఆటలో ఆయన ఇంటి యజమాని, నేను అతిథి. లేని కప్పు చేత పట్టుకుని, "టీ తాగుతారా?" అన్నాడు. నా నోరు దానంతటదే, "వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను," అనేసింది. కొంప మునిగిందనుకున్నాను. ఏం చేస్తాం, గోదావరి జిల్లాలో పుట్టినవాడు మొదటి మాటకే కప్పందుకుంటే పెంపకం మీద మాటొస్తుంది. దొరగారు నన్ను ఎగాదిగా చూసి, "పోనీ, కేకు?" అన్నాడు. "అబ్బే, మీకెందుకు శ్రమ." "బిస్కెట్?" "పొట్ట నిండుగా ఉంది సార్," అంటూనే లేని ప్లేటు వైపు ఆశగా చూశాను. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు వినగానే నాలో మా పెద్దత్తయ్య లేచింది (పెళ్లి భోజనంలో లేవబోయేవాడి భుజం నొక్కి మరీ గారె వేసే మనిషి). కప్పు లాక్కుని ఆయనకే పెట్టడం మొదలుపెట్టాను. "ముందు మీరు తీసుకోండి. అయ్యో, ఇంకొక్కటి. నా మీద ఒట్టే!" ఆయన వద్దన్నకొద్దీ వడ్డించాను. చివరికి దొరగారు ముక్కుదాకా తిన్న మనిషిలా కుర్చీలోంచి జారి, గడ్డి మీద వెల్లకిలా పడి చేతులెత్తేశాడు. ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. మేనేజరైతే తన సాసేజ్ కింద పడేసుకుని మరీ కొట్టాడు.

ఆ మేనేజరే తర్వాత నా దగ్గరికొచ్చి, "నీకు మాటలు రావనుకున్నాను, మేట్. క్లయింట్ల పని నువ్వు చేస్తావా?" అన్నాడు. నేను పగలూ రాత్రీ ఎదురుచూసిన మాట. అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. "అబ్బే, మీకెందుకు..."

"యెస్ అను మియా, యెస్!" వెనకనుంచి భాయ్ కేక. "గిది టీ కాదు, నౌకరీ!"

"యెస్!" అని నేనూ కేకే వేశాను.

ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో సొంత ఇల్లు. నా మీటింగులు ఎప్పుడు ముగుస్తాయా అని నా కింద పనిచేసేవాళ్లు దేవుళ్లకి మొక్కుకుంటున్నారని విన్నాను. ఈ దేశంలో రెండోసారి ఎవరూ అడగరని తెలిశాక, టీ ఇస్తామంటే మొదటిసారికే అందుకుంటున్నాను. అందుకున్నప్పుడల్లా, బతిమాలితేగానీ ముట్టని ఆ బక్క కుర్రాడు తలపుకొచ్చి నవ్వొస్తుంది. వాడి మీద కాస్త బెంగ కూడా వేస్తుంది.