లింకుకు అతుక్కున్న చుక్క

ఐరాల రైతు పరంధామయ్య కూతురు రూపశ్రీ తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. తిరుచానూరు లాడ్జీలకు గదుల బుకింగ్ ప్రోగ్రామ్ రాయడం వాళ్ల పని. అందులో ఏం మార్చినా, ఎందుకు మార్చారో ఆ మార్పుకు జతచేసే చిన్న వివరణలో, అంటే కమిట్ మెసేజ్‌లో రాసి, వచ్చిన ఫిర్యాదు లింకు కూడా పెట్టాలి.

ఆమె చేసిన మొదటి మార్పునే సీనియర్ మునిచంద్ర వెనక్కి పంపాడు.

"కోడ్‌లో తప్పేముందన్నా?" అని ఉక్రోషంగా అడిగింది.

"కోడ్ బాగానే ఉండాదమ్మా. లింకు నొక్కి సూడు."

నొక్కితే పేజీ తెరుచుకోలేదు. వాక్యం చివరి చుక్క లింకుకు అతుక్కుపోయింది.

"లింకును వాక్యంలో ఇరికించొద్దు. అడుగున విడిగా ఒక లైన్లో పెట్టు. రేపు కొత్తగా వచ్చినోళ్లు కారణం యాడ ఎతుక్కుంటారు?"

ఆ మాట రూపశ్రీకి నచ్చింది. లింకు సరిగా లేని మెసేజ్‌ను ఆపేసే చిన్న ప్రోగ్రామ్ తనే రాసిపెట్టింది. మర్నాడే అది ఒక మెసేజ్‌ను ఆపింది. చూస్తే మునిచంద్రది! తొందరలో సగం లింకే అతికించాడు.

"నన్నే పట్టుకునిందే!" అంటూ ఆయన పగలబడి నవ్వాడు.

సాయంత్రం ఆమె ఇంటికి ఫోన్ చేసి చెబితే, "ఆయనకు కోపం రాలేదా?" అన్నాడు పరంధామయ్య కంగారుగా.

"లేదు నాయనా, అందరికీ కాఫీ తాగించినాడు."