బర్రెమడుగులో ముళ్లకంప

దేవకమ్మను సూళ్లూరుపేట అంగట్లో చూసినవాళ్లు చేపలమ్మే మనిషి అనుకుంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. ఎండలు ముదిరి కాళంగి ఏరు తెగిపోయి, ఇసుకలో అక్కడొక మడుగు ఇక్కడొక మడుగు మిగిలే రోజుల్లో ఆమె పని వేరు. ఊరి దిగువనున్న బర్రెమడుగులో తుమ్మకంప నరికి పరుస్తుంది. కంప ఉన్న నీళ్లలో ఎవరూ వల వేయరు, వేస్తే చిరిగిపోతుంది. ఆ మడుగులో దాక్కున్నవి విత్తనపు చేపలు. తొలివరద ఎర్రనీళ్లు తగలగానే అవి ఎదురెక్కి పోయి గుడ్లు పెడతాయి. ఆ ఏడు ఊరు తినే చేపలన్నీ వాటి పిల్లలే. వరద వచ్చాక కంప తీసేస్తారు. ఆ పని మునుపు ఆమె మామ గురప్ప చేసేవాడు, తర్వాత మొగుడు. ఇద్దరూ పోయాక ఆమె. ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

“ముళ్లకు కాపలా కాస్తే జీతమెవురిస్తారు మా?” అనేది కూతురు లోకేశ్వరి, శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సుకు జడ అల్లుకుంటూ.

“నీకిచ్చేవోళ్లు ఉండారు కదా, పో పో, బస్సు పోతాది.”

ఆ వేసవిలో మడుగు అడుగంటడం మొదలుపెట్టింది. ఎగువనున్న చిన్న ఆనకట్టలో పాత షట్టరు కింద ఎప్పుడూ ఒక సన్నటి ధార కారేది. అది కారడం లోపమనే అందరూ అనుకున్నారు. బర్రెమడుగు బతికింది ఆ లోపంతోనే. ఆ ఏడు కొత్త రబ్బరు వేసి ధార ఆపేశారు. ఆనకట్ట పైన వరి మోటార్లు ఆడుతూనే ఉన్నాయి. కింద మాత్రం ఇసుక తడి కూడా ఆరిపోయింది.

షట్టర్లు ఎత్తి దించే లష్కరు బాలచంద్ర చిన్నప్పటినుంచీ ఆమె చేపలు తిని పెరిగినవాడు. దేవకమ్మ పోయి అతని ముందు కూర్చుంది.

“చంద్రా, నీ షట్టరు మునుపటి మాదిరి కారడం లేదే?”

“కారకుండా ఉండేదానికే కదక్కా రబ్బరేసింది! బాగుచేసినా తప్పేనా?”

“బాగానే ఉండాది. కింద చేపలు నోళ్లు తెరస్తా ఉండాయి. రోంత ఎత్తబ్బా.”

“నేను దాన్నెత్తితే పైనోళ్లు నన్నెత్తుతారు. నీ చేపలకు ఆధారు కార్డుండాదా, ఓటుండాదా?”

“మీసాలుండాయి. నీకంటే పెద్దయివి.”

అతను నవ్వాడు గాని లేవలేదు. ఆమె మళ్లీ పోయింది, మళ్లీ మళ్లీ పోయింది. నడివేసవి కత్తిరి ఎండల్లో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉరిమింది గాని చినుకు రాల్లేదు. ఆ పూట బాలచంద్ర మనసు మెత్తబడింది. “నువ్వు పో అక్కా. రోంత వదలతా” అన్నాడు.

అట్లా కొంచెమే వదలడం అతని చేతిలో లేదు. తుప్పుపట్టిన మర ముందు కదలలేదు. గట్టిగా తిప్పేసరికి షట్టరు ఒక్కసారిగా లేచింది. ఆనకట్ట అడుగున పేరుకున్న ఒండ్రంతా కలుపుకుని నీళ్లు ఎర్రగా ఉరికాయి.

దేవకమ్మ మడుగు గట్టున నిలబడి ఆ నీళ్లకు దండం పెట్టుకుంది. మడుగు నిండింది. కంప కొమ్మలు మునిగాయి. అప్పుడు కంప పక్కనుంచి ఒక వాలుగ చేప వీపు తేలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత జెల్లలు, గుంపుగా. పొట్టలు బరువుగా ఈడ్చుకుంటూ అవి ఎదురెక్కి పోతున్నాయి. ఉరుము, ఎర్రనీళ్లు, కొత్త మట్టి వాసన. వాటికి అది తొలివరదే. నీళ్లు కావాలని అన్నాళ్లు తిరిగిన మనిషికి, నీళ్లు ఎట్లా వస్తే చేప ఏమనుకుంటుందో ఆ క్షణం దాకా తోచలేదు.

ఆమె ఆనకట్టకు పరుగెత్తింది. అప్పటికే వరి రైతు మునిరామయ్య మోటారు సైకిలు దిగి అరుస్తున్నాడు. బాలచంద్ర మర తిప్పుతున్నాడు.

“మూయబాక చంద్రా! చేపలు ఎక్కతా ఉండాయి!”

“తెరవమని నా ప్రాణం తోడేస్తివి. ఇప్పుడు మూయొద్దంటావా?”

“ఇప్పుడు మూస్తే నడిమధ్యలో ఇసకలో పడతాయప్పా. వాన పడేదాకా సన్నంగా అయినా ఇడిసిపెట్టు.”

మునిరామయ్య అడ్డు వచ్చాడు. “నా వరి పొట్ట మీదుండాది దేవకమ్మా. నీ చేపల కోసరం ఎండగొట్టుకోమంటావా?”

చేపలూ పొట్ట మీదే ఉన్నాయి. షట్టరు దిగింది. కొత్త రబ్బరు గట్టిగా పట్టుకుంది.

ఇసుకలో నీళ్లు ఎంతసేపు ఆగుతాయి? ఆమె కిందికి దిగేసరికే నీళ్లు పాయలయ్యాయి, పాయలు గుంటలయ్యాయి. గుంటల్లో చేపలు ఒకదానిమీద ఒకటి కొట్టుకుంటున్నాయి. కొంగలు దిగాయి. కుక్కలు వచ్చాయి. ఊళ్లోవాళ్లు బక్కెట్లతో వచ్చారు.

“ముట్టుకోబాకండి రా, విత్తనపు చేపలు!”

“ఎట్టా చచ్చేటియ్యే కదక్కా,” అన్నాడొకడు తలెత్తకుండానే.

పని దిగి వచ్చిన లోకేశ్వరి ఫ్యాక్టరీ బట్టల్లోనే ఇసుకలోకి దిగింది. తల్లీకూతుళ్లు తడి గోనెసంచిలో దొరికినవి వేసుకుని మడుగుకు మోశారు. సంచి విప్పితే సగం కదల్లేదు. దేవకమ్మ చేతుల్లోని పెద్ద వాలుగ ఒకసారి మెలితిరిగి గసగసాల్లాంటి గుడ్లు ఆమె అరచేతినిండా వదిలింది. ఆమె ఆ చేతిని నీళ్లలో ముంచి అట్లాగే పట్టుకుంది, ధార లేక మళ్లీ ఎండబోయే మడుగులో అవి బతకవని తెలిసీ.

మడుగు అడుగుదాకా ఎండిపోయాక, అసలు వరద పోయిన ఏడాదికంటే బాగానే వచ్చింది. దేవకమ్మ ఏటి వంపు దగ్గర నిలబడి చూసింది. బాలచంద్ర వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డాడు.

“వస్తాయి లే అక్కా. యాడనో ఒకటీ రెండూ మిగిలే ఉంటాయి.”

ఎర్రనీళ్లు చదునుగా, ఏ వీపూ తేలకుండా, పులికాటు సరస్సు వైపు పోతున్నాయి.

నీళ్లు తేరాక, ఎప్పటిలాగే కంప తీయడానికి మడుగులో దిగింది. ఏటా ఆ ముళ్లకు పొలుసులు, చేపపిల్లలు చిక్కుకుని ఉండేవి. ఈసారి కంప శుభ్రంగా ఉంది. గట్టుకు లాగి ఆరబెట్టింది. ఆ వారమంతా అన్నం దానితోనే వండింది.